చచ్చిన లింకుతో పాటు ఆధారాన్నీ చెరిపేస్తారా?

"గేమ్ ఫ్యాన్ వికీ రాసేవాళ్లకు ఆరు సూత్రాలు" అనే మెసేజ్ మా బరంపురం గేమింగ్ గ్రూపులో వచ్చింది. ఫ్యాన్ వికీ అంటే ఒక గేమ్ గురించి అభిమానులే కలిసి రాసుకునే సైట్. రాయగడ వాళ్ల గ్రూపులోనూ వచ్చింది. పర్లాకిమిడిలో ఉండే మా పిన్ని కొడుకు విడిగా మళ్లీ పంపాడు. పంపిన ప్రతివాడూ కింద "కరెక్టే కదా అన్నా" అని ఒక ముక్క తగిలించాడు. కరెక్టు కాదు తమ్ముడూ. ఆరింటిలో ఐదు తప్పులు, అందులో ఒకటి జనం ఏళ్ల తరబడి చేసిన పనిని నాశనం చేసే తప్పు. మనవాళ్లు కొందరు దాన్ని నమ్మి అప్పుడే పేజీల మీద పడ్డారు. అందుకే ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

మొదటిది: "ఆధారాల జాబితా అక్షరక్రమంలో ఉండాలి" అట. పేజీలో ఏ ఆధారం ముందు వస్తే దానికి ఒకటో నంబరు పడుతుంది, ఆ పని సాఫ్ట్‌వేరే చేస్తుంది. మీరు చేత్తో వరస మారిస్తే నంబర్లకూ జాబితాకూ పొంతన పోతుంది. గైడ్ పుస్తకాల పట్టిక విడిగా ఇస్తే దాన్ని అక్షరక్రమంలో పెట్టుకోండి, ఎవరూ కాదనరు.

"గేమ్‌లో ఉన్నదానికి ఆధారం అక్కర్లేదు, ఆడితే కనబడుతుంది" అన్నది రెండోది. ఏ వెర్షన్ ఆడితే? మైన్‌క్రాఫ్ట్‌లో వజ్రాల కోసం ఎత్తు చూపే అంకె పదకొండు అయ్యే లెవెల్ దగ్గర తవ్వమని ఒకప్పుడు అందరూ చెప్పేవారు, అప్పటికి అది నిజమే. 2021 నవంబరులో 1.18 వెర్షన్ వచ్చాక ప్రపంచం అడుగు మైనస్ 64కి దిగింది, వజ్రాలూ కిందికి పోయాయి. వెర్షన్ రాయని పేజీ చదివి పిల్లాడు ఇప్పటికీ పదకొండు దగ్గరే తవ్వుతుంటే తప్పెవరిది? జెల్డా గేమ్‌ల అభిమానుల జెల్డా వికీ వాళ్లు గేమ్‌లోని మాటను ఆధారంగా పెడితే ఆ మాటను ఉన్నదున్నట్టు రాసి, ఏ పాత్ర అంది, ఏ గేమ్‌లో అంది అని పక్కనే పెడతారు. చూసిన ఎవడైనా వెళ్లి సరిచూసుకోవచ్చు.

మూడోది: "వేరే వికీలోనో సైట్‌లోనో ఉంటే అదే ఆధారం." 1992 ఏప్రిల్‌లో ఎలక్ట్రానిక్ గేమింగ్ మంత్లీ పత్రిక స్ట్రీట్ ఫైటర్ 2లో షెంగ్ లాంగ్ అనే రహస్య ఫైటర్ ఉన్నాడని, అతన్ని ఎలా బయటికి రప్పించాలో వివరంగా అచ్చేసింది. అది ఏప్రిల్ ఫూల్. వేరే దేశాల్లో పత్రికలు సరిచూడకుండా దాన్నే నిజమని ఎత్తి రాశాయి. నాలుగు చోట్ల కనబడింది కాబట్టి నాలుగు ఆధారాలు అంటారా? అన్నిటికీ మూలం ఒకే అబద్ధం. ఈరోజు సైట్లు మన వికీ నుంచే కాపీ కొట్టి రాస్తున్నాయి. మనం మళ్లీ ఆ సైట్‌ని ఆధారంగా చూపిస్తే మన మాటకు మనమే సాక్షులం.

ఇక నాలుగోది, నాకు నిద్ర పట్టనివ్వనిది. "లింకు పనిచేయకపోతే ఆ ఆధారం తీసేయండి, పేజీ శుభ్రంగా ఉంటుంది." దీన్ని ఎవరు రాశారో గానీ, గేమ్ పత్రికలకు ఏమైందో వాళ్లకు తెలిసినట్టు లేదు. 1అప్, గేమ్‌స్పై సైట్లు 2013లో మూతపడ్డాయి. గేమ్‌ట్రైలర్స్ 2016లో పోయింది. 1991 నుంచి నడుస్తున్న గేమ్ ఇన్ఫార్మర్‌ను 2024 ఆగస్టులో ఒక్క రోజులో ఆపేశారు. ఆ సైట్‌లో ఏ పాత పేజీ తెరిచినా వీడ్కోలు సందేశమే వచ్చేది. ఈ సూత్రం ప్రకారం ఆ రోజే అన్ని వికీల్లో దాని ఇంటర్వ్యూలన్నీ చెరిపేయాలి. తీరా 2025 మార్చిలో ఆ పత్రిక తిరిగొచ్చింది. చెరిపేసినవాడి దగ్గర అప్పటికి ఏం మిగులుతుంది?

ఆధారం అంటే లింకు కాదు. రాసినవారి పేరు, శీర్షిక, పత్రిక, తేదీ, అచ్చులో అయితే సంచిక, పేజీ. లింకు చివర్న వస్తుంది. ఇవన్నీ ఉంటే లింకు పోయినా పాత వెబ్ పేజీల నకళ్లు దాచే వేబ్యాక్ మెషీన్‌ అనే సైట్‌లో వెతుక్కోవచ్చు, పాత సంచిక ఉన్నవాణ్ణి అడగొచ్చు. ఆధారం పెట్టిన రోజే ఆ పేజీని అక్కడ భద్రం చేసి ఆ లింకూ పక్కనే పెట్టేస్తే అసలు టెన్షనే లేదు.

తేదీ ఎందుకంటారా? మారియో ఇంటిపేరు కూడా మారియోనే అన్న మాటను 2012లో నింటెండో అధ్యక్షుడు ఇవాటా కాదన్నారు. 2015లో మారియోను సృష్టించిన మియామోటో అవునన్నారు. తేదీలు లేకుండా రెండూ జాబితాలో పడేస్తే చదివేవాడు ఏది నమ్మాలి? కొరాపుట్ వైపు ఒడిశా, ఆంధ్రా రెండూ మావంటే మావనే కొఠియా ఊళ్ల సంగతి మనకు కొత్త కాదు. 1968లోనే సుప్రీంకోర్టుకెక్కిన ఆ 21 ఊళ్ల గొడవలో రెండు రాష్ట్రాలూ చూపించేవి కాగితాలే. ఎవరిచ్చిన కాగితం, ఏ నాటిది అన్నదే అక్కడ వాదన. కాగితం పాతబడిందని చించేసుకునేవాడు ఎవడైనా ఉంటాడా?

ఈ నాలుగో సూత్రానికి అయిదోది తోడైతే ఏమవుతుందో నా కళ్లారా చూశాను. "ఆధారాలకు పేర్లు పెట్టడం దండగ" అట. పేరు పెట్టడమంటే ఒకే ఆధారాన్ని చాలాచోట్ల వాడేటప్పుడు వివరం ఒక్కచోటే రాసి, మిగతా చోట్ల ఆ పేరు మాత్రం ఇవ్వడం. మొన్న మనవాడొకడు ఒక పాత్ర పేజీలో లింకు చచ్చిందని రెండో పేరాలోని ఆధారం తీసేశాడు. అది పేరు పెట్టి రాసిన ఆధారం. పూర్తి వివరం అక్కడే ఉంది, కింద పేరాల్లో ఆ పేరుతోనే వాడుకున్నారు. ఇక్కడ తీయగానే జాబితాలో ఆ నంబరు దగ్గర ఎర్ర అక్షరాలు, ఈ పేరుతో ఉన్న ఆధారానికి పాఠ్యం లేదని. అది చూసి ఇంకొకడు వచ్చి ఎర్రగా ఉన్నవన్నీ పీకేశాడు. సాయంత్రానికి ఆ పేజీలో సగం వాక్యాలకు దిక్కు లేదు. ఇది పేర్లు పెట్టినందుకు వచ్చిన తంటా కాదు. వివరాలన్నీ పేజీ అడుగున ఆధారాల జాబితాను చూపించే కోడ్ (రిఫరెన్సుల ట్యాగ్) లోపలే రాసి, పైన పేర్లు మాత్రం వాడితే ఒక పేరా తీసినా మిగతావి చెక్కుచెదరవు. పేరు కూడా "ఒకటి", "రెండు" అని కాదు, పత్రిక పేరూ సంవత్సరమూ కలిపి పెట్టండి. రేపు వచ్చేవాడికి చూడగానే అర్థం కావాలి. అలాగే మనం సొంతంగా ఇచ్చే వివరణలను గమనికలు అనే వేరే జాబితాలో పెట్టండి, ఆధారాల్లో కలపొద్దు.

ఆరోదానితో మాత్రం నాకు పేచీ లేదు. "ఒక్క వాక్యానికి ఆరేడు ఆధారాలు గుచ్చకండి" అన్నాడు. మంచి మాట. గొడవపడ్డ వాక్యం పక్కన ఎవరికి వాళ్లు ఒక లింకు తగిలించి పోతారు, తెరిచి చూస్తే సగం ఒకే వార్తకు నకళ్లు. ఫోన్‌లో చదివేవాడికి మాట కంటే నంబర్లే ఎక్కువ కనబడతాయి. మూలానికి దగ్గరగా ఉన్నవి ఒకటో రెండో ఉంచి మిగతావి తీసేయాల్సిందే. ఆ ఒక్క సూత్రం ఉంచి పై ఐదూ కొట్టేసి పంపండి, అన్ని గ్రూపుల్లోనూ నేనే ఫార్వర్డ్ చేస్తాను.