సవరణ: పుంజు ఈక అంటే నాటు పుంజు ఈకే

గాలానికి ఈకలు, వెంట్రుకలు దారంతో చుట్టి ఎరగా చేసే ఫ్లైలు సొంతంగా కట్టడం గురించి రాసినప్పుడు ‘పుంజు మెడ ఈకలు చాలు’ అన్నాను. అది చూసి కొందరు అడవికోడి ఈకలు ఎక్కడ దొరుకుతాయని అడుగుతున్నారు. నేను చెప్పింది నాటు పుంజు గురించే. ఒకప్పుడు బ్రిటన్‌లో సాల్మన్ చేపల్ని పట్టే ఫ్లైల కోసం మన బూడిదరంగు అడవికోడి మెడ ఈకలకు తెగ గిరాకీ ఉండేది, ఆ మోజుకి ఎన్నో పక్షులు బలయ్యాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవికోడిని వేటాడటం నేరం. ఏజెన్సీ సంతలో ఎవరైనా ఇస్తామన్నా దయచేసి తీసుకోకండి. విశాఖ పూర్ణా మార్కెట్‌లో కోళ్లమ్మేవాళ్లని అడిగి చూడండి. తెచ్చిన ఈకల్ని సబ్బునీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టి, కవర్లో చుట్టి కొన్నాళ్లు ఫ్రీజర్లో ఉంచితే వాటిలో ఉన్న పురుగు చచ్చిపోతుంది.

క్లౌజర్ మిన్నో (చిన్న చేపలా కనిపించే, బరువైన లోహపు కళ్లున్న ఫ్లై) కట్టేవాళ్లకి ఇంకో మాట. లోహపు కళ్లు గాలం కాడకి పైవైపు, అంటే మొన ఉన్న వైపుకి అవతలి వైపు రావాలి. అప్పుడే నీళ్లలో ఫ్లై తిరగబడి మొన పైకి లేస్తుంది, యారాడ తీరంలోని రాళ్లలో అంత తేలిగ్గా ఇరుక్కోదు. దారాన్ని 8 అంకెలా అటూ ఇటూ బిగించి చుట్టి, పైన నెయిల్ పాలిష్ చుక్క వెయ్యండి. సముద్రానికైతే స్టెయిన్‌లెస్ స్టీల్ గాలాలే కొనండి, మామూలువి ఉప్పునీళ్లకి ఇట్టే తుప్పు పడతాయి.