సవరణ: తొలి ప్రైవేటు ఎఫ్‌ఎం టైమ్స్ కాదు, బెంగళూరు రేడియో సిటీ

దేశంలో మొదటి ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషన్ 1993 నాటి టైమ్స్ ఎఫ్‌ఎం అని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు, పొరపాటు నాదే. అప్పట్లో ఆకాశవాణి అమ్మింది ఎయిర్‌టైమ్ (ప్రసార సమయం) మాత్రమే. కార్యక్రమాలు, ప్రకటనలు కొన్నవాళ్లవి. ట్రాన్స్‌మిటర్, టవరు, ఫ్రీక్వెన్సీ ఆకాశవాణివే. అందుకే 1998లో ఆ స్లాట్లు ఆపేయగానే టైమ్స్ ఎఫ్‌ఎం మూగబోయింది. సొంత లైసెన్సుతో మొదలైన తొలి స్టేషన్ బెంగళూరు రేడియో సిటీ, 2001 జూలై 3న. ప్రభుత్వ లైసెన్సు వివరాలు, అప్పటి పత్రికల వార్తలు చెప్పేది ఇదే. రేడియో సిటీ ఫ్రీక్వెన్సీగా తెలిసిన 91.1 కూడా తర్వాత వచ్చిన అంకె. మొదట్లో రేడియో ముల్లు 91 దగ్గరే ఆపాల్సి వచ్చేది. ప్రైవేటు స్టేషన్లు ప్రభుత్వానికి కట్టే లైసెన్సు ఫీజు ఏటా 15 శాతం పెరిగేదని ఆ పోస్టులో రాసిన మాట మాత్రం సరైనదే. 2005 నాటి ప్రభుత్వ ఎఫ్‌ఎం విధానంతో అది ఆదాయంలో 4 శాతం లెక్కకు మారింది.