మీ సంవత్సరం ఇలా గడిచింది, అభినందనలు!

డిసెంబరు మొదటి వారంలో ఒక ఉదయం, గ్లాసులో కాఫీ ఇంకా చల్లారకముందే, పాటలు వినిపించే యాప్ ఒకటి ఫోనులో నన్ను అభినందించింది. తెర నిండా రంగుకాగితాల ముక్కలు రాలాయి, ఎక్కడో బూర మోగింది, ఆపైన ఈ సంవత్సరం నేను అన్నిటికంటే ఎక్కువగా విన్న ఆల్బమ్ ఘంటసాల భగవద్గీత అనీ, దానిని 41 సార్లు విన్నాననీ, ఆ అభిమానుల్లో మొదటి ఒక శాతంలో నిలిచాననీ పెద్ద అక్షరాలతో ప్రకటన వెలువడింది. కింద నా స్వభావం కూడా రాసి ఉంది: "ప్రశాంత విహారి". మా నాన్నగారు సెప్టెంబరులో పోయిన సంగతి ఆ యాప్‌కు తెలియదు కనుక దానిని క్షమించాలని కొందరు పెద్దలు అంటారు. తెలియనప్పుడు నోరు మూసుకోవడమనే విద్య ఒకటి ఉందనీ, మా గోదావరి లంకలో బడికి వెళ్లని వాళ్లకు కూడా అది వచ్చుననీ నేను అంటాను.

పాఠకులకు ఇందులో విడమరచి చెప్పవలసినది లేదు. 1974 ఫిబ్రవరి 11న కన్నుమూసిన ఘంటసాల తన చివరి కాలంలో పాడిపెట్టిన ఆ గీత, మిట్టమధ్యాహ్నం ఏ వీధి మలుపులో మైకులో వినిపించినా, ఎవరూ శ్లోకార్థం ఆలోచించరు, నోటి దగ్గరి ముద్ద ఆపి "ఎవరు పోయారు?" అని అడుగుతారు. విల్లు జారవిడిచి కూర్చున్నవాణ్ణి లేపి నిలబెట్టడానికి చెప్పిన మాటలను మనం శవవాహనానికి హారనుగా అమర్చుకున్నాము. కాబట్టి ఆ ఒక శాతంలో నాతోపాటు కొలువుదీరిన మహాభిమానులు ఎవరో ఊహించడం కష్టం కాదు: మా మండలంలో వైకుంఠ రథం నడిపే డ్రైవరు, ఆయన సెలవు పెట్టిన రోజున వచ్చే ఆయన బావమరిది, నేను.

ఇది నాకు మార్పుల సంవత్సరమని ఆ యాప్ అన్న మాట మాత్రం నిజమే. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయ్యాయి. మేము గుమ్మం దాటకుండానే తూర్పు గోదావరి నుంచి కోనసీమకు వచ్చేశాము. జూలైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేసరికి గోదావరే గుమ్మం దాటి లోపలికి వచ్చింది. సెప్టెంబరు సంగతి చెప్పాను. అక్టోబరులో ఆ ఇంటికి తాళం వేసి అమలాపురంలో అద్దెకు దిగాము.

ఈ అభినందన పత్రం ప్రతివారికీ వస్తుందనీ, దానిని బట్టి మనిషి అంతరంగం ఇట్టే తెలిసిపోతుందనీ హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసే మా మేనల్లుడు సెలవులకు వచ్చి అరుగు మీద ఉపన్యసించాడు. వెంటనే అంతరంగ పరీక్షలు మొదలయ్యాయి. రొయ్యల చెరువు కౌలుకు చేస్తున్న పక్కవాటా బాబాయిగారి ఫోనులో "అర్ధరాత్రి ప్రేమికుడు" అని వచ్చింది. తెల్లవారుజామున రెండు నుంచి నాలుగు గంటల మధ్య ఆయన హృదయం మేల్కొంటుందట. పిన్నిగారు చేట కింద పెట్టి ఆయన వైపు చూశారు. చెరువులో ఆక్సిజన్ పడిపోయేది తెల్లవారుజామునేననీ, నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోతే రొయ్యలు తేలిపోతాయనీ, కాపలావాడు నిద్రపోకుండా గట్టున వెదురుగడకు స్పీకరు కట్టి యుగళగీతాలు పెడుతున్నాననీ ఆయన శాస్త్రీయంగా నివేదించుకున్నారు. "యుగళగీతాలే ఎందుకు పెట్టాలి?" అన్న ప్రశ్నకు మాత్రం ఆయన దగ్గర శాస్త్రం లేకపోయింది. ఎదురింటి అర్చకులవారు 1963లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన వేంకటేశ్వర సుప్రభాతాన్ని రోజూ ఒకే వేళకు గుడిలో మోగిస్తారు. వచ్చే ఏడాదైనా కాస్త సాహసించి కొత్త సంగీతం రుచి చూడమని ఆయనకు సలహా వచ్చింది. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చదివి, "దేవుణ్ణి దేనితో లేపమంటాడు నాయనా వీడు?" అని నిజంగానే తెలుసుకోగోరి అడిగారు.

పాట ముప్పై సెకన్లు మోగితే ఒకసారి విన్నట్టే లెక్క అని మేనల్లుడు ఇందులోని మర్మం చెప్పాడు. ఆ లెక్క ప్రకారం మా నాన్నగారు ఈ ఏడాది "శంకరాభరణం" ఒక్కసారి కూడా వినలేదు. ఆయన విన్నది క్యాసెట్టులో. సినిమా వచ్చిన 1980లోనే కొన్న ఆ క్యాసెట్టు 1986 ఆగస్టు వరదలో ట్రంకుపెట్టెతో సహా మునిగింది. బడి డాబా మీద నుంచి దిగివచ్చిన తరువాత ఆయన దాని మరలు విప్పి, టేపును పందిరి వెదుళ్ల మీద ఆరబెట్టి, బురద వదలని జానెడు ముక్క కత్తిరించి, రెండు కొసలనూ అమ్మ గోళ్లరంగుతో అతికించి, పెన్సిలు దూర్చి చుట్టారు. టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది, అంటే కె.వి. మహదేవన్ కట్టిన బాణీలో, బాలసుబ్రహ్మణ్యం గొంతులో, అయిదు సెకన్లకు కాస్త తక్కువ గోదావరిలో కలిసిపోయింది. మా ఇంట్లో అందరమూ ఆ పాటను ఆ గెంతుతోనే నేర్చుకున్నాము. ఇప్పుడు ఫోనులో పూర్తి పాట వచ్చినప్పుడు ఎవరో పరాయివాడు మధ్యలో దూరినట్టు నాకు తోస్తుంది. ఈ జూలైలో నీరు మొదటి మెట్టు ఎక్కగానే, ఎనభై నాలుగేళ్ల మనిషి, మందుల సంచి కంటే ముందు ఆ క్యాసెట్టును అటక మీదికి ఎక్కించమన్నారు. దీనికి శాతం ఎంతో ఆ యాప్ చెప్పగలిగితే వింటాను.

గీత సంగతి చెప్పి ముగిస్తాను. నాన్నగారిని వసారాలో పడుకోబెట్టి, తల దగ్గర దీపం పెట్టి, ఎవరో అడిగితే ఫోనులో గీత పెట్టాను. పుట్టినవాడికి చావు తప్పదన్న శ్లోకం అయిందో లేదో, ఒక ఆడగొంతు కిలకిల నవ్వి, మీ బంగారం మీద నిమిషాల్లో అప్పు ఇస్తామంది. వసారాలో అందరూ విన్నారు. అమ్మ మెడలోని సూత్రాలు ఇంకా తీయలేదు. మూడు శ్లోకాల తరువాత ఆ నవ్వు మళ్లీ వచ్చింది. అది రాకుండా ఉండాలంటే చందా కట్టాలట! ఎవడి సొత్తురా ఆ గొంతు? చనిపోతూ ఘంటసాల పాడిన పాటకు కాపలా కూర్చుని, శవం లేచేలోగా డబ్బు వసూలు చేసుకునే బేరం కాటికాపరి కూడా ఆడడు, వాడు శవం తన దగ్గరికి వచ్చేదాకానైనా ఆగుతాడు. కట్టాను. తండ్రి కాళ్ల దగ్గర కూర్చుని, తడి చేత్తో ఓటీపీ కొట్టి, కట్టాను. ఆ తరువాత పదకొండు రోజులూ గీత ఏ ఆటంకమూ లేకుండా మోగింది. అదే ఆ 41. అదే నా ప్రశాంత విహారం.

నేను ఇది చెబుతూ ఉండగానే మేనల్లుడు ముఖం చిన్నబుచ్చుకుని, "మావయ్యా, బాగుందని నీది ఇందాకే మన ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాను" అన్నాడు. తీయించేలోగా రంగుకాగితాల మధ్య నా పేరుకు పదిహేడు హృదయాలు పడ్డాయి. చదువుకునే ఓపిక లేని నరసాపురం అత్తయ్య మనుమరాలి చేత చదివించుకుని, గీత అన్న మాట చెవిన పడగానే ఫోను చేసింది.

"ఏరా, ఎవరు పోయార్రా?"

నాన్నేననీ, కొత్తగా ఎవరూ పోలేదనీ ఆవిడకు రెండుసార్లు చెప్పవలసి వచ్చింది.