స్పైవేర్ వ్యాపారంపై ఆంక్షలు: అమలాపురంలో ఒక వాదోపవాదం

అమలాపురంలో జరిగిన ఒక గ్రంథాలయ సభలో, ఫోన్లలోకి దొంగచాటుగా చొరబడి నిఘా పెట్టే సాఫ్ట్‌వేర్‌ను, అంటే స్పైవేర్‌ను, ప్రభుత్వాలకు అమ్ముకునే విదేశీ కంపెనీలను ఆంక్షలతో కట్టడి చేయగలమా అన్నది చర్చాంశం. చేయగలమన్నది ఒక న్యాయవాది; కాదన్నది పదవీ విరమణ చేసిన ఒక అర్థశాస్త్ర అధ్యాపకుడు.

న్యాయవాది: మాస్టారూ, 2021 నవంబరులో అమెరికా వాణిజ్య శాఖ పెగాసస్ అనే స్పైవేర్ తయారుచేసిన ఇజ్రాయెల్ కంపెనీ ఎన్ఎస్ఓను ఆంక్షల జాబితాలో చేర్చడంతో, లైసెన్సు లేకుండా అమెరికా సాంకేతికతను దానికి అమ్మడానికి వీల్లేకుండా పోయింది. 2024 మార్చిలో ఆ దేశపు ఆర్థిక శాఖ, ప్రెడేటర్ అనే స్పైవేర్‌ను అమ్మే ఇంటెలెక్సా సంస్థలపైనా, వాటి వ్యవస్థాపకుడు తాల్ దిలియన్‌పైనా నేరుగా ఆంక్షలు విధించింది. అమెరికా పరిధిలోని వారి ఆస్తులు స్తంభించాయి. డాలర్లతో పని ఉన్న ఏ బ్యాంకైనా వారితో లావాదేవీకి జంకుతుంది. ప్రతి చేనుకూ గట్టు వేసుకుంటూ తిరగడం కంటే ధవళేశ్వరం దగ్గర తలుపు దించడం మేలు కాదా?

అధ్యాపకుడు: వకీలు గారూ, ఆ తలుపు ఎత్తే దించే అధికారం ఎవరిదో కూడా చూడాలి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు భీమవరం రొయ్య రైతును ఎవరూ సలహా అడగలేదు. ఆంక్షలూ అంతే, విధించే దేశం అవసరాన్ని బట్టి నడుస్తాయి. ఇజ్రాయెల్‌లో పుట్టిన పారగాన్ అనే స్పైవేర్ కంపెనీతో 2024లో అమెరికా వలస నియంత్రణ విభాగమే ఒప్పందం చేసుకుంది; మధ్యలో నిలిపివేసి, 2025లో మళ్లీ అనుమతించింది. ఎన్ఎస్ఓ సైతం అదే ఏడాది అమెరికా పెట్టుబడిదారుల చేతికి వెళ్లింది.

న్యాయవాది: ఆ ఒప్పందం మధ్యలో ఎందుకు ఆగిందో కూడా చెప్పండి. తమ దేశ భద్రతకు ముప్పు తెచ్చే స్పైవేర్‌ను తమ ప్రభుత్వ శాఖలు వాడరాదని 2023 మార్చిలో అధ్యక్షుడు జారీ చేసిన ఉత్తర్వు ఉంది కాబట్టే, దానికి లోబడి ఉందో లేదో చూడడానికి ఆపారు. ఆ ఉత్తర్వే లేకపోతే ఆగేదా? కోర్టుల సంగతి చూస్తే, సుమారు 1,400 మంది ఫోన్లలోకి చొరబడ్డారని ఎన్ఎస్ఓపై వాట్సాప్ 2019లో వేసిన కేసులో, ఆ కంపెనీ ఇక వాట్సాప్ జోలికి రాకూడదన్న శాశ్వత నిషేధం 2025 అక్టోబరులో గానీ రాలేదు. ఆ దాడికి బాధితుడు ఏ లింకూ నొక్కనక్కర్లేదు. ఎత్తకుండా వదిలేసిన వాట్సాప్ కాల్ ఒక్కటి చాలు. మాటను దారిలో ఎంత భద్రంగా దాచినా, అది తెర మీదికి వచ్చాక ఫోన్ లోపల కూర్చున్నవాడు చదివేస్తాడు. గోదావరి లంకల్లో ఇసుక తవ్వకాలపై రాసే విలేకరికి సమాచారం ఇచ్చినవాడి పేరు బయటపడిపోతే, ఆరేళ్ల తరువాత వచ్చే తీర్పు ఏం కాపాడుతుంది?

(ఈ మాటతో వాదం న్యాయవాది వైపు మొగ్గిందనే నాకు అనిపించింది. కానీ మాస్టారు అసలు ప్రశ్నను ఇంకా వేయలేదు.)

అధ్యాపకుడు: ఆ విలేకరి ఫోన్‌లోకి చొరబడేది ఎవరు? ప్రభుత్వాలకు తప్ప ఇంకెవరికీ అమ్మబోమని ఎన్ఎస్ఓయే చెబుతోంది. మన దేశంలో పెగాసస్ వాడారన్న ఆరోపణలపై మన సుప్రీంకోర్టు 2021లో నియమించిన సాంకేతిక కమిటీ 29 ఫోన్లు పరిశీలించి, అయిదింటిలో ఏదో హానికర సాఫ్ట్‌వేర్ (మాల్‌వేర్) ఉందని, అది పెగాససేనని మాత్రం తేలలేదని చెప్పింది. కేంద్రం సహకరించలేదని ఆ కమిటీ తెలిపినట్టు అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి.రమణ గారు 2022 ఆగస్టులో కోర్టులోనే చెప్పారు. అమ్మేవాడి మీద వాషింగ్టన్ ఎన్ని ఆంక్షలు పెట్టినా, కొనేవాడిని ప్రశ్నించే అధికారం మనకు రాదు.

న్యాయవాది: అది ఒప్పుకుంటాను. అయితే అది ఆంక్షలు వద్దనడానికి కారణం కాదు, మన ప్రభుత్వమూ ఆంక్షలు పెట్టాలనడానికి కారణం. చొరబాటు సాఫ్ట్‌వేర్ ఎగుమతులనూ నియంత్రించే వాసెనార్ అనే అంతర్జాతీయ ఒప్పందంలో భారత్ 2017లోనే చేరింది. పౌరుల ఫోన్లపై దాడులకు సాయపడిందని తేలిన కంపెనీ దగ్గర మన ప్రభుత్వ శాఖలు ఏదీ కొనరాదని పార్లమెంటు చట్టం చేయవచ్చు.

అధ్యాపకుడు: తేల్చేది ఎవరు? ఐటీ చట్టం 69వ సెక్షన్ కింద నిఘాకు అనుమతి ఇచ్చేది హోం కార్యదర్శే కానీ న్యాయమూర్తి కాదు. మీ చట్టంలో ఆ అధికారం న్యాయమూర్తికి అప్పగిస్తే, మీ పక్కన నిలబడి సంతకం చేసేవాళ్లలో నేనూ ఒకణ్ణి. లేకపోతే వద్దు.