బ్యాగ్ లీటర్లు కాదు, మీ వీపు కొలత చూసుకోండి

నవంబరు వచ్చిందంటే చాలు, వాట్సాప్‌లో ఒక మెసేజ్ మళ్లీ తిరగడం మొదలవుతుంది. “మొదటిసారి హిమాలయాలకి వెళ్తున్నారా? బ్యాగ్ కొనేముందు ఇది చదవండి” అని ఉంటుంది పైన. లోపల చెప్పేది క్లుప్తంగా ఇదీ: 70 లీటర్లకి (లీటర్లంటే బ్యాగ్‌లో సామాను పట్టే చోటు) తక్కువ బ్యాగ్ కొనొద్దు. మీ ఎత్తును బట్టి సైజు ఎంచుకోండి. నడుము బెల్టు దండగ, షెర్పాలు అది లేకుండానే మోస్తారు. బరువైన సామాను అడుగున పెట్టండి. ఆడవాళ్ల బ్యాగ్ అంటే రంగు తేడా తప్ప ఇంకేమీ లేదు. వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉంటే చాలు. అద్దె బ్యాగుల జోలికి పోవద్దు. ఆఖర్న “మీ ఫ్రెండ్స్ అందరికీ పంపండి” అని కూడా ఉంటుంది. జనం పంపుతూనే ఉన్నారు.

ఈ మెసేజ్ మీద నాకు కోపం రావడానికి కారణం మా చిన్నమ్మ కూతురు. కిందటి డిసెంబరులో ఇద్దరం ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠకి వెళ్లాం. తనకది మొదటి ట్రెక్. మూడు నెలలు రోజూ పొద్దున్నే ఐదు కిలోమీటర్లు పరిగెత్తి మరీ వచ్చింది. మెసేజ్‌లో చెప్పినట్టే 75 లీటర్ల బ్యాగ్ కొనుక్కుంది. సాంక్రీ ఊళ్లో బయల్దేరి దేవదారు చెట్ల మధ్య జుడా కా తాలాబ్ అనే చెరువు వైపు ఎక్కుతున్నాం. గంట గడిచిందో లేదో వెనక నుంచి పిలిచింది.

“అక్కా, కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కిపోయాయి. భుజాలు కోసేస్తున్నాయి. ఇది నా వల్ల అయ్యేది కాదేమో, నేను దిగిపోతానే.”

కళ్లలో నీళ్లు. బ్యాగ్ దింపించి చూశాను. నడుము బెల్టు పెట్టుకోనేలేదు, బకిల్ ఊడి వేలాడుతోంది. పెట్టుకున్నా లాభం లేదు, ఎందుకంటే బెల్టు తుంటి దగ్గర కాకుండా పిరుదుల మీదకి దిగిపోయి ఉంది. ఆ బ్యాగ్ వీపు భాగం తన వీపు కంటే బెత్తెడు పొడుగు. నా బ్యాగ్ 50 లీటర్లది, వీపు పొడవు తగ్గించి పెంచుకునే రకం. దాన్ని తన కొలతకి దించి, తన సామానులో అవసరమైనదంతా అందులో సర్ది, బెల్టు సరైన చోట బిగించాను. పెద్ద బ్యాగ్‌ని కంచరగాడిద మీదకి ఎక్కించాం. నాలుగు అడుగులు వేసి వెనక్కి తిరిగి, “బరువు ఏమైందే?” అంది. బరువు ఎక్కడికీ పోలేదు, పదికిలోల దాకా వీపు మీదే ఉంది. భుజాల మీద నుంచి తుంటి మీదకి మారిందంతే. రెండు రోజుల తర్వాత తెల్లవారుజామున మంచులో నడిచి 12,500 అడుగుల శిఖరం ఎక్కింది.

ఒక్క మెసేజ్ నమ్మి ఆ పిల్ల “నాకు చేతకాదు” అనుకుని వెనక్కి వెళ్లిపోయేది. అలా వెళ్లిపోయినవాళ్లు ఎంతమందో. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను. వరస మాత్రం నాది. అన్నిటికంటే ఎక్కువ హాని చేసే మాటతో మొదలుపెడతాను.

“నడుము బెల్టు దండగ, షెర్పాలు అది లేకుండానే మోస్తారు.” మొదట ఒక సంగతి: షెర్పా అన్నది ఒక జాతి పేరు, మోత కూలీకి ఇంకో పేరు కాదు. నేపాల్ కొండల్లో బరువులు మోసేవాళ్లలో రాయ్‌లు, తమాంగ్‌లు, ఇంకా చాలామంది ఉన్నారు. ఇక మోసే పద్ధతి. వాళ్లు డోకో అనే వెదురు బుట్టని వీపున పెట్టుకుంటారు, దాని బరువంతా నామ్లో అనే పట్టీ ద్వారా నడినెత్తి మీద పడుతుంది. భుజాలకి పట్టీలే ఉండవు. ఎవరెస్టు దారిలో ఉన్న నామ్చే బజారుకి సరుకు చేరవేసే వీళ్ల మీద 2005లో ‘సైన్స్’ అనే పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. మగవాళ్లు సగటున తమ శరీర బరువులో 93 శాతం, ఆడవాళ్లు 66 శాతం మోస్తున్నారని తేలింది. మెల్లగా నడుస్తారు, మాటిమాటికీ ఆగుతారు, చేతిలో ఉన్న టోక్మా కర్రని బుట్ట కింద ఆనించి నిలబడే సేద తీరతారు. చిన్నప్పటి నుంచి మెడ, వెన్ను ఆ పనికి అలవాటుపడి ఉంటాయి. మన ఊళ్లలో తాపీ పనికి వెళ్లే ఆడవాళ్లూ అంతే కదా. నెత్తిన చుట్టకుదురు పెట్టుకుని దాని మీద ఇసుక తట్ట ఎత్తుకుంటారు. భుజానికి వేలాడేసుకుని మోసే తల్లిని నేనెక్కడా చూడలేదు. అంటే ఇలా అనుభవం ఉన్నవాళ్లు చాలామంది బరువుని భుజాల మీద వదలరు. నెత్తికో, తుంటికో అప్పగిస్తారు.

భుజం మీదే మోస్తే ఏమవుతుందో మా చెల్లి వేళ్లు చెప్పాయి. మెడ నుంచి చేతికి దిగే నరాలు భుజం మీదుగానే వెళ్తాయి. పట్టీ అక్కడ గంటల తరబడి నొక్కితే తిమ్మిరి వస్తుంది. ముదిరితే చెయ్యి ఎత్తలేని పరిస్థితి కూడా వస్తుంది, డాక్టర్లు దాన్ని రక్‌శాక్ పాల్సీ అంటారు.

నడుము బెల్టు వెనక ఒక మంచి కథ ఉంది. 1950ల మొదట్లో అమెరికాలోని కాలిఫోర్నియాలో డిక్ కెల్టీ, ఆయన స్నేహితుడు సియెర్రా నెవాడా కొండల్లో నడుస్తున్నారు. వీపున చెక్క చట్రం ఉన్న మూటలు. ఆ చట్రం కర్రల కొసల్ని ప్యాంటు వెనక జేబుల్లో దోపి చూస్తే భుజాల మీద భారం ఒక్కసారిగా తగ్గిపోయింది. ఆ ఆలోచనే ముదిరి, 1952లో ఆయన అల్యూమినియం చట్రం, తుంటికి కట్టుకునే పట్టీ ఉన్న బ్యాగులు తయారు చేసి అమ్మడం మొదలుపెట్టాడు. ఈరోజు దుకాణంలో కనిపించే ప్రతి పెద్ద బ్యాగ్‌లోనూ ఆ జేబు ఉపాయమే ఉంది. బరువులో మూడొంతుల దాకా తుంటి ఎముక మీదా, దాన్నుంచి కాళ్ల మీదా పడాలి. భుజం పట్టీల పని బ్యాగ్ వెనక్కి వాలకుండా పట్టుకోవడం.

ఇంకో చిక్కు పేరులోనే ఉంది. “నడుము బెల్టు” అంటాం కాబట్టి చాలామంది పొట్ట మీద, చీర కుచ్చిళ్లు దోపే చోట బిగిస్తారు. అక్కడ ఎముక లేదు, కాబట్టి బరువు ఆగదు, ఊపిరి మాత్రం ఆడదు. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని కిందకి జారిస్తే పక్కల గట్టిగా ఒక అంచు తగులుతుంది. బెల్టు మెత్త సగం ఆ అంచుకి పైన, సగం కింద ఉండేలా కట్టాలి. అన్ని పట్టీలూ వదులు చేసి బ్యాగ్ తగిలించుకోండి. ముందు ఈ బెల్టు, తర్వాత భుజం పట్టీలు, ఆ తర్వాత భుజం పైనుంచి బ్యాగ్ మీదకి వెళ్లే చిన్న పట్టీలు, చివరికి ఛాతీ పట్టీ. ఈ వరస తిరగబడితే మంచి బ్యాగ్ కూడా బాధపెడుతుంది.

“మీ ఎత్తును బట్టి సైజు ఎంచుకోండి.” ఇది వినడానికి సబబుగానే ఉంటుంది, అందుకే ప్రమాదం. నేనూ మా తోటికోడలూ పక్కపక్కన నిలబడితే ఒకే ఎత్తు. టేపు పెడితే నా వీపు 43 సెంటీమీటర్లు, తనది 47. తన కాళ్లు పొట్టి, నావి పొడుగు. ఎత్తు చూసి ఇద్దరికీ ఒకే బ్యాగ్ ఇస్తే ఒకరికి తప్పకుండా తేడా కొడుతుంది.

కొలవడానికి రెండు నిమిషాలు, ఒక టైలర్ టేపు, పక్కన ఒక మనిషి చాలు. తల కిందకి వంచండి. మెడ అడుగున ఒక ఎముక బుడిపెలా పొడుచుకొస్తుంది, అది ఏడో మెడ పూస. అక్కడ టేపు మొదలు. ఇందాకటిలా చేతులు తుంటి అంచుల మీద పెట్టుకుంటే రెండు బొటనవేళ్లూ వెనక వెన్ను వైపు చూపిస్తాయి. వాటిని కలిపే గీత వెన్నుపూసని తాకే చోట టేపు చివర. వెన్ను వంపు వెంటే టేపు పోనివ్వండి, బిర్రుగా లాగొద్దు. ఆ అంకె ఫోన్‌లో రాసుకుని దుకాణానికి వెళ్లండి. ఎస్, ఎం, ఎల్ అని రాసి ఉన్నా ఏది ఎన్ని సెంటీమీటర్లకో అడగండి, ఒక కంపెనీ ఎం ఇంకో కంపెనీ ఎం ఒకటి కావు. మా చెల్లిది 40 వచ్చింది. తను కొన్న బ్యాగ్ వీపు 48, మార్చుకునే వీలు కూడా లేదు.

ఖాళీ బ్యాగ్ తగిలించుకుని అద్దంలో చూసుకుని కొనేయకండి. ఏ బ్యాగైనా ఖాళీగా హాయిగానే ఉంటుంది. దుకాణంలో ఇసుక సంచులు ఉంటే పది కిలోలు వేయించుకుని పావుగంట తిరగండి. లేకపోతే ఇంటికి తెచ్చి, ట్యాగులు తియ్యకుండా, బియ్యం సంచీ, కందిపప్పు ప్యాకెట్లూ వేసి అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కి దిగండి. నేను అలా ఒక బ్యాగ్ వాపసు ఇచ్చాను. నాలుగో అంతస్తుకి వచ్చేసరికి దాని అడుగు అంచు వెన్ను చివర గీరుకుపోయింది.

ఆడవాళ్ల బ్యాగ్ సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. రంగు తేడా కాదు. వీపు భాగం పొట్టిగా ఉంటుంది, భుజం పట్టీలు దగ్గరగా, ఛాతీని తప్పించుకుని వంపు తిరిగి ఉంటాయి, తుంటి బెల్టు ఏటవాలుగా ఉంటుంది. వీపు పొట్టిగా ఉన్న మగవాళ్లకి అదే సరిపోతే మొహమాటం లేకుండా కొనుక్కోవచ్చు.

“70 లీటర్లకి తక్కువ కొనొద్దు.” ఎక్కడికి వెళ్తున్నారో అడక్కుండానే ఈ అంకె ఎలా చెప్తారు? కేదార్‌కంఠ, సార్ పాస్ లాంటి ట్రెక్కులకి మనవాళ్లు ఎక్కువమంది ఏదో ఒక సంస్థతోనే వెళ్తారు. టెంటు, స్లీపింగ్ బ్యాగ్, వంట సామాను వాళ్లవి. మనం మోసేది బట్టలు, నీళ్లు, మందులు, రెయిన్‌కోటు. చలికాలమైనా 45, 50 లీటర్లు చాలు. టెంటూ పొయ్యీ సొంతంగా మోసుకుని నాలుగైదు రోజులు తిరిగేవాళ్లకి 60 నుంచి 70 కావాలి, అది నిజం. బస్సులు, రైళ్లు, హోటళ్ల మీద తిరగడానికైతే 40 దాటక్కర్లేదు.

పెద్దది కొని సగం నింపుకుంటే పోలా అంటారు. పోదు. 75 లీటర్ల బ్యాగ్ ఖాళీగానే రెండు కిలోల పైచిలుకు తూగుతుంది. పైగా చోటు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. మా చెల్లి బ్యాగ్ విప్పితే రెండు జీన్స్ ప్యాంట్లు, గాజు సీసాలో ఆవకాయ, కిలో జంతికలు, హెయిర్ డ్రయర్ బయటపడ్డాయి. చిన్నమ్మ ప్రేమగా సర్దింది, ఏమనగలం. ఆవకాయ నాకూ ప్రాణమే, కానీ చిన్న ప్లాస్టిక్ డబ్బాలో నాలుగు ముక్కలు పట్టుకెళ్తే సరిపోయేది. మోత బరువు బ్యాగ్‌తో కలిపి మీ బరువులో ఐదో వంతు దాటకూడదన్నది చాలామంది పాటించే లెక్క. 60 కిలోల మనిషికి 12 కిలోలు. మొదటి ట్రెక్ అయితే ఇంకా తగ్గించుకోండి.

లీటర్ల అంకె కూడా రాయి మీద గీత కాదు. బ్యాగ్‌లో 20 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గోళీలు నింపి కొలిచే ప్రామాణిక పద్ధతి ఒకటుంది, కానీ అందరూ ఒకేలా లెక్కించరు. బయటి జేబుల్ని కలిపేవాళ్లున్నారు, కలపనివాళ్లున్నారు. సామాను ముందు మంచం మీద పరిచి, ఆ తర్వాత బ్యాగ్ చూడండి. విమానంలో వెళ్తుంటే ఇంకో మాట: దేశీయ విమానాల్లో క్యాబిన్‌లోకి సాధారణంగా 7 కిలోలే, పెద్ద బ్యాగ్ చెకిన్ చేయాల్సిందే. పట్టీలన్నీ లోపలికి మడిచి కట్టండి, పవర్ బ్యాంక్ మాత్రం మర్చిపోకుండా తీసి చేతి సంచీలో పెట్టుకోండి.

“బరువైనవి అడుగున పెట్టండి.” లారీకి, పడవకి అది నిజం. మనిషి వీపుకి కాదు. బరువు అడుగున, వీపుకి దూరంగా ఉంటే బ్యాగ్ వెనక్కి లాగుతుంది. దాన్ని ఆపడానికి మనం ముందుకి వంగి నడుస్తాం, సాయంత్రానికి నడుం పట్టేస్తుంది. అడుగున మెత్తగా, తేలిగ్గా ఉండేవి: స్లీపింగ్ బ్యాగ్, రాత్రి బట్టలు. బరువైనవి మధ్యలో, రెక్కల ఎముకల ఎత్తున, వీపుకి ఆనుకుని. రెయిన్‌కోటు, తినుబండారాలు అన్నిటికంటే పైన. రాళ్లు పట్టుకుని ఎక్కాల్సిన చోటైతే బరువుని కొంచెం కిందకి దించితే తూకం బాగుంటుంది.

“వాటర్‌ప్రూఫ్ అని రాసుంటే చాలు.” గుడ్డకి పూత ఉంటుంది, నిజమే. కానీ కుట్టుపడిన ప్రతిచోటా సూది చేసిన కన్నం ఉంది, జిప్పులున్నాయి. జులైలో మహారాష్ట్రలో కల్సూబాయి ఎక్కుతున్నప్పుడు నా బ్యాగ్ మీద రెయిన్ కవర్ కూడా ఉంది. అయినా మెడ మీద నుంచి కారిన నీళ్లు వీపుకీ కవర్‌కీ మధ్యలోంచి దిగి, అడుగున చేరి, మార్చుకోవాల్సిన బట్టలన్నీ తడిపేశాయి. అప్పటి నుంచి బ్యాగ్ లోపల మందపాటి పెద్ద ప్లాస్టిక్ సంచీ ఒకటి వేసి, సామానంతా అందులో పెట్టి మూతి మెలిపెట్టి కడుతున్నాను. పైన కవర్ ఉన్నా లేకపోయినా ఇది ఉండాలి. తిరిగి ఇంటికి తెచ్చుకోవాలి, కొండ మీద వదలొద్దు.

ఇక అద్దె. ఏడాదికోసారి వెళ్లేవాళ్లు వేలు పోసి కొని అల్మారా మీద పడేయడం కంటే అద్దెకి తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. ట్రెక్ సంస్థలు ఇస్తాయి, సాంక్రీ, మనాలీ లాంటి చోట్ల దుకాణాలూ ఉన్నాయి. సొంత బ్యాగ్ ఏళ్ల తరబడి వాడకుండా ఉంచితే, అందులోనూ విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో, లోపలి పూత చెడిపోయి బంకలా అవుతుంది, పొట్టు రాలుతుంది, ముక్క వాసన వస్తుంది. అద్దె బ్యాగ్ తీసుకునేముందు మాత్రం ఈ పరీక్షలు చేయండి. మీ వీపు కొలత చెప్పి బ్యాగ్ అడగండి. బెల్టు బకిల్ నాలుగుసార్లు పెట్టి తీయండి. భుజం పట్టీ కుట్లు గట్టిగా లాగి చూడండి. చివరగా లోపలికి చెయ్యి పెట్టి గుడ్డని అరచేత్తో నొక్కండి. చేతికి అంటుకుంటే ఇంకొకటి ఇమ్మనండి.