మమ్మీ గారి అఫిడవిట్

ఈజిప్టు మమ్మీ నైషు గారికి,
గాజుపెట్టె, పురావస్తు మ్యూజియం, పబ్లిక్ గార్డెన్స్, నాంపల్లి, హైదరాబాద్.

నమస్కారం. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరూ క్షేమంగానే ఉన్నారని మొన్న ఆదివారం కళ్ళారా చూసి వచ్చాం. ఆ మధ్య మీకు ఎక్స్‌రే తీశారని, తర్వాత ఆక్సిజన్ లేని పెట్టెలో పెట్టారని పేపర్లో చదివాను. ఈ ఊళ్ళో కాస్త వయసు మళ్ళినవాళ్ళు ఎవరు కనిపించినా టెస్టులు రాస్తారు, రెండువేల ఏళ్ళు దాటిన మిమ్మల్ని వదులుతారా? ఆక్సిజన్ లేకుండా ఎలా ఉంటున్నారని మాత్రం అడగను. పొద్దున తొమ్మిదింటికి అమీర్‌పేట చౌరస్తాలో మేమూ అలాగే ఉంటున్నాం.

నన్ను మీరు గుర్తుపట్టకపోవచ్చు. మీ చుట్టూ మూగిన జనంలో ఏడేళ్ళ పిల్లాడొకడు గాజుకి ముక్కు ఆనించి నిలబడ్డాడు చూడండి, వాడు మావాడు. వాడి ముక్కు దగ్గర గాజు మీద ఆవిరి పట్టడం, ఆరడం, మళ్ళీ పట్టడం. అలా రెండు నిమిషాలు మిమ్మల్ని కాళ్ళ నుంచి తల దాకా చూసి వెనక్కి తిరిగి అడిగాడు. "డాడీ, ఇది ఎవరి మమ్మీ?"

పక్కనున్న తల్లులంతా నవ్వారు. ఇంగ్లీషు మీడియం పుణ్యమా అని అమ్మలందరూ మమ్మీలయ్యాక ఆ గదిలో ఈ జోకు రోజూ పేలుతూనే ఉంటుంది, మీరూ విని విని విసిగిపోయి ఉంటారు. కానీ మావాడు జోకు వెయ్యలేదండీ. నిజంగానే అడిగాడు. మా ఆవిడ బ్యాగులో మంచినీళ్ళ సీసా కోసం వెతుకుతూ, "మనదే నాన్నా, గవర్నమెంటుది" అంది.

మనదే. మెట్రోలో కూకట్‌పల్లి వచ్చేదాకా ఆ మాట నా చెవిలో తిరుగుతూనే ఉంది. అందుకే ఈ ఉత్తరం.

ఆ రోజు మీ పక్కన నిలబడి ఉపన్యాసం ఇచ్చిన పెద్దాయన మా మామగారు. ఆయనది తెనాలి. రిటైరయ్యాక మా ఇంట్లోనే ఉంటూ కోహినూరు కేసు వాదిస్తున్నారు. కోర్టులో కాదు, డైనింగ్ టేబుల్ దగ్గర. ఆ వజ్రం కొల్లూరు గనిలో దొరికిందంటారు కదా, కొల్లూరంటే తెనాలి పక్కనున్న కొల్లూరే అని ఆయన నమ్మకం. గని ఉన్న కొల్లూరు వేరండీ, అది పల్నాడు వైపు కృష్ణ ఒడ్డున ఉండేది, ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది అని ఒకసారి చెప్పి చూశాను. ఆ పూట మా ఆవిడ నా పప్పులో నెయ్యి వెయ్యలేదు.

మిమ్మల్ని చూడగానే ఆయనకి ఊపొచ్చింది. "1849లో లాహోరులో పదేళ్ళ పిల్లాడి చేత సంతకం పెట్టించుకుని వజ్రం లాక్కున్నారు. అదొక ఒప్పందమా?" అన్నారు. అక్కడితో ఆగలేదు. "మా అమరావతి సంగతేంటి? 1845లో ఇలియట్ దొర స్తూపం తవ్వించి రాళ్ళన్నీ మద్రాసు తోలాడు. అక్కణ్ణుంచి ఓడెక్కించి లండన్. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో 120కి పైగా ఉన్నాయి. కృష్ణ ఒడ్డున ఉండాల్సిన బుద్ధుడు అక్కడ చలికి వణుకుతున్నాడు!" అంటూ, మాటకి బరువు రావాలి కదా, మీ పెట్టె అంచు మీద అరచెయ్యి ఆనించారు.

ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు. మనవాళ్ళు కూడా ఆ దిబ్బ రాళ్ళు పట్టుకెళ్ళి సున్నం కోసం కాల్చుకున్నారని చెప్పలేదు, అంతే. నా చూపు మాత్రం ఆయన చెయ్యి మీదే ఉంది. ఆ చెయ్యి కింద మీరున్నారు.

మీ గురించి నేను విన్నది ఇంత. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ గారి అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ 1920 ప్రాంతంలో మిమ్మల్ని వెయ్యి పౌండ్లకి కొని తెచ్చారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కి ఇచ్చారు. ఆయన 1930లో మ్యూజియానికి ఇచ్చేశారు. ఒక పెళ్ళిలో పెట్టిన చీరని ఇంకో పెళ్ళిలో పెట్టెయ్యడం మా ఇళ్ళల్లోనూ ఉంది కాబట్టి ఆయన్ని తప్పుపట్టను. మీరు ఆరో ఫారో కూతురని కూడా చెబుతారు. మీ దేశంలో ముప్పై రాజవంశాలు గడిచాయి కదా, ఆరో ఫారో అంటే ఎక్కణ్ణుంచి లెక్కపెట్టాలో నాకైతే తెలియలేదు. ఆరో నిజాం అల్లుడు తెచ్చారు కాబట్టి ఆరో ఫారో కూతురైతే వరస కలుస్తుందనుకున్నారేమో. మీరేం కంగారు పడకండి. ఈ ఊళ్ళో ఎవర్ని కదిపినా తాతగారు నవాబు దగ్గర దివానే.

ఆ వెయ్యి పౌండ్ల దగ్గరే నాకు ముల్లు దిగింది. మా నిజాముకి సొంత టంకశాల ఉంది, హాలీ సిక్కా అని సొంత రూపాయి ఉంది. మీ ధర మాత్రం పౌండ్లలో. 1920లో మీ ఈజిప్టు మీద పెత్తనం ఇంగ్లీషువాడిది. ఇక్కడ సింహాసనం నిజాందే అయినా కోఠీ రెసిడెన్సీలో కూర్చున్నది ఇంగ్లీషువాడు, సికింద్రాబాదు కంటోన్మెంటులో కవాతు చేసింది వాడి పటాలం. అంటే వాడి కింద నలుగుతున్న ఒక ఇంటి ఆడపిల్లని, వాడి కిందే బతుకుతున్న ఇంకో ఇంటివాళ్ళు, వాడి డబ్బు పెట్టి కొనుక్కొచ్చారు. ఈ బేరంలో వాడి చేతికి మట్టి కూడా అంటలేదు.

ఈ ముక్కే మామగారితో అన్నాను. "మనం కొన్నాం. వాళ్ళు ఎత్తుకుపోయారు. రెండూ ఒకటేనా?" అన్నారు. ఆ మాటా కొట్టిపారేసేది కాదు. ఆ రోజుల్లో కైరో మ్యూజియంలోనే పాతవస్తువులు అమ్మే గది ఒకటి ఉండేది. అమ్మేవాళ్ళు ఉన్నారు, కొనేవాళ్ళు ఉన్నారు.

"మరి ఆవిడ్ని ఎవరైనా అడిగారా మామయ్య గారూ?"

ఆయన ఒక్క క్షణం మీ వైపు చూశారు. "ఫొటో తియ్యి, వెలుతురు పోతోంది" అన్నారు. మా నెత్తి మీద ట్యూబ్‌లైటు వెలుగుతోంది.

మీ అదృష్టం బాగుందనే అనాలి. మీ తోటివాళ్ళలో కొందరిని యూరప్‌లో పొడికొట్టి మందని మింగారు. ఇంకొందరిని నూరి రంగులో కలిపి బొమ్మలు వేశారు. దానికంటే నాంపల్లి నయం.

ఇక అసలు సంగతి. ఈ ఊళ్ళో ముల్కీ, అంటే స్థానికుడు, అన్న మాట ఎత్తాలంటే తెనాలి అల్లుడిగా నాకు కొంచెం టెన్షనే. అయినా మీ విషయంలో తప్పదు. 1919 నాటి నిజాం ఫర్మానా ప్రకారం ఆ రోజుల్లో ఇక్కడ సర్కారు కొలువు కావాలంటే ముల్కీ అయి ఉండాల్సిందే. బయటినుంచి వచ్చినవాళ్ళు ముల్కీ కావాలంటే రెండు షరతులు. పదిహేనేళ్ళు ఇక్కడ స్థిరంగా ఉండాలి. సొంతూరికి తిరిగి వెళ్ళే ఆలోచన మానుకున్నానని మేజిస్ట్రేటు ముందు అఫిడవిట్ ఇవ్వాలి.

మొదటిది మీరు 1935 నాటికే దాటేశారు. స్థిరంగా ఉండటంలో మీకు సాటి ఎవరు? అద్దె ఇళ్ళు మారీ మారీ మా గ్యాస్ కనెక్షన్ అడ్రసు ఇప్పటికీ మూసాపేటలోనే ఉండిపోయింది. 1952లో "నాన్ ముల్కీ గో బ్యాక్, ఇడ్లీ సాంబార్ గో బ్యాక్" అని విద్యార్థులు రోడ్డెక్కారు. ప్రాణాలు పోయిన గొడవ అది, దాని మీద నేను నవ్వను. కానీ ఇడ్లీని కూడా వెళ్ళిపొమ్మన్న ఊరు మిమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు. మీరు ఉద్యోగానికి పోటీ రాలేదు, ఓటు అడగలేదు, మాదాపూర్‌లో ప్లాటు కొనలేదు. బయటినుంచి వచ్చినవాళ్ళలో మీకున్నంత మంచిపేరు ఇంకొకరికి లేదు.

చిక్కంతా రెండో షరతు దగ్గర. ప్రమాణాలు మీకు కొత్త కాదు. చనిపోయాక ఒసిరిస్ కొలువులో 42 మంది దేవతల ముందు నిలబడి, నేను దొంగతనం చెయ్యలేదు, అబద్ధమాడలేదు అని ఒక్కొక్కటే చెప్పుకోవాలట. ఆ తర్వాత గుండెని ఈకతో తూకం వేస్తారట. అందుకే మనిషిని మమ్మీగా మార్చే ఆ డెబ్భై రోజుల పనిలో మెదడుని తీసి పారేసినా గుండెని మాత్రం లోపలే ఉంచేవారు. పై లోకానికి ఇంత పకడ్బందీగా బయల్దేరిన మనిషి నాంపల్లిలో దిగారు. ఇక్కడే ఉండిపోతానని మీరు వేలిముద్ర వేసిన కాగితం ఏదైనా ఉందా?

సొంతూరి ఆలోచన మానుకోవడం ఎంత కష్టమో మమ్మల్ని అడగండి. సంక్రాంతి వస్తే విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరే కార్లలో ఉండేది మేమే. ఆధార్ కార్డులో హైదరాబాదు, నోట్లో "మా ఊరు". మామగారు ఇక్కడికి వచ్చి పద్నాలుగేళ్ళయింది. ఇప్పటికీ పొద్దున లేవగానే తెనాలికి ఫోన్ చేసి వాన పడిందా అని కనుక్కుంటారు. ఇక్కడ బాల్కనీలో ఆరేసిన బట్టలు తడుస్తుంటాయి, అది ఆయనకి కనిపించదు. ఆ పండగ నాలుగు రోజులూ కూకట్‌పల్లి వీధుల్లో కుక్కలు తప్ప ఎవరూ ఉండరు. మీరు మాత్రం నూరేళ్ళుగా ఒక్క పండక్కీ వెళ్ళలేదు. రమ్మని కబురొచ్చిందో లేదో, వస్తే ఎవరు విప్పి చదివారో!

అందుకని నేనే ఒక ఫారం తయారు చేశాను. పేరు, నైషు. తండ్రి పేరు, ఆరో ఫారో అంటారు. ప్రస్తుత నివాసం, నాంపల్లి. ఎన్నాళ్ళుగా, నూరేళ్ళు పైబడి. ఆఖరి గడిలో "సొంతూరికి తిరిగి వెళ్ళే ఉద్దేశం ఉంది / లేదు, అక్కర్లేనిది కొట్టివేయండి" అని రాశాను. సాక్షి సంతకం కోసం మామగారికి ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివారు. "నైషు" పక్కన "గారు" చేర్చారు. ఆఖరి గడి దగ్గర పెన్ను ఆగింది. కాసేపు క్యాప్ తీశారు, పెట్టారు.

"దీన్ని ఇప్పుడే నింపకు. ముందు కోహినూరు రానీ, తర్వాత చూద్దాం" అన్నారు.

ఫారం అలాగే ఫ్రిజ్ మీద ఉంది.

ఇట్లు,
మీ తర్వాత దాదాపు 78 ఏళ్ళకి ఈ ఊరొచ్చిన
మీ తోటి నాన్ లోకల్, కూకట్‌పల్లి.

తా.క. గాజు మీద ఎడమవైపు, మీ భుజం దగ్గర, గుండ్రంగా ఒక మరక ఉంటుంది. అది మావాడి ముక్కుది. తుడుద్దామని రుమాలు తీశాను కానీ, ముట్టుకోకూడదని బోర్డు ఉంటే ఆగిపోయాను.