బంగారు మోకాలు, తరుగు అదనం

మోకాలికి ఏ ఆపరేషన్ చేయించాలో తేల్చేటప్పుడు మన ఇళ్లలో అందరి మాటా వింటాం, ఒక్క మోకాలి మాట తప్ప. ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. కూర్చున్నా లేచినా అది కటకటమనే అంటుంది, కొత్తగా చెప్పేదేముంది? కొత్త విషయాలు తెలియాలంటే ఫ్లైఓవర్ పక్కన హోర్డింగులు చూడాలి, డాలస్‌లో ఉన్న అబ్బాయి పంపిన వీడియోలు చూడాలి, పై ఫ్లోర్ ఆంటీ మెట్లు దిగే తీరు చూడాలి. ఆవిడ చకచకా దిగిందా, ఆస్పత్రి ఖాయం.

ఎక్స్‌రేలో ఏముందన్నది తర్వాతి సంగతి. లోపలి వైపు గుజ్జు మాత్రమే అరిగి, ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్లు గట్టిగా ఉంటే, అరిగిన సగం మారిస్తే చాలని డాక్టర్లు అంటుంటారు. కోత చిన్నది, త్వరగా కోలుకుంటారు, సొంత ఎముక చాలావరకు మిగులుతుంది. కానీ పరువు మాటేమిటి? "సగమే చేయించారా, పాపం డబ్బులు సర్దుబాటు కాలేదా?" అని పెళ్లిలో ఎవరైనా అడిగితే డాక్టరొచ్చి సమాధానం చెబుతాడా? కాబట్టి పూర్తిదే. పూర్తిది అనుకున్నాక ఒక్కటెందుకు, మత్తు ఎలాగూ ఇస్తున్నారుగా, రెండూ కానిచ్చేద్దాం. గుండె, షుగరు, వయసు చూసి ఒకేసారి రెండూ వద్దన్న డాక్టరుకు చేతకాదని అర్థం. వాజ్‌పేయి ప్రధానిగా ఉండగా 2000 అక్టోబరులో ఎడమ మోకాలు, 2001 జూన్‌లో కుడి మోకాలు ముంబైలో మార్పించుకున్నారు. దేశాన్ని నడిపే మనిషి విడతలవారీగా కానిచ్చారంటే, ఆయనకు మన మరదలి తోడికోడలిలాంటి సలహాదారు లేకపోవడమే కారణం.

దొడ్డికాళ్లు పడి ఒక వైపే అరుగుతున్న నడివయసు వాళ్లకు ఇంకో దారి కూడా ఉంది. మోకాలి కింద ఎముకను కోసి, వంపు సరిచేసి, ప్లేటు బిగించి, బరువును అరగని వైపు మళ్లిస్తారు. సొంత కీలు మిగులుతుంది. దీనికి హోర్డింగ్ నా కంటపడలేదు. హోర్డింగ్ లేని ఆపరేషన్‌ను నమ్మేదెలా?

ఇక గొట్టం దూర్చి మోకాలిని 'కడిగించుకోవడం'. 2002లో అమెరికాలోని హ్యూస్టన్ డాక్టర్లు 180 మందితో ఒక పరీక్ష చేశారు. కొందరికి నిజంగానే లోపల కడిగి శుభ్రం చేశారు, కొందరికి చర్మం మీద కోతలు పెట్టి కుట్లు వేసి పంపేశారు. ఎవరికేం చేశారో వాళ్లకు చెప్పలేదు. రెండేళ్లు పోయాక చూస్తే అందరి నొప్పీ ఒకటే. వయసుతో అరిగిన మోకాలికి ఈ పని వద్దని 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో గట్టిగానే రాశారు. నా సలహా వేరు. ఉత్తుత్తి కోతలకే అంత ఫలితం ఉన్నప్పుడు ఆ ప్యాకేజీ కూడా పెట్టొచ్చు, క్యాష్‌లెస్‌తో సహా.

అసలు గొడవంతా లోహం దగ్గర. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్, అంటే లోపల అమర్చే కృత్రిమ కీలు, ధరలకు కళ్లెం వేసింది. అంతకుముందు సగటున లక్షన్నర పైన పలికిన కోబాల్ట్ క్రోమియం కీలు జీఎస్టీ కాకుండా 54,720 రూపాయలకు దిగింది. బాగా వంగుతుందనే హై ఫ్లెక్స్ రకానికి 56,490. అంటే సత్యనారాయణ వ్రతంలో పీటల మీద కూర్చునే ఆశ ఖరీదు 1,770 రూపాయలు. డిశ్చార్జి రోజున "కింద మాత్రం కూర్చోకండి" అని రాసిచ్చే కాగితం ఉచితం.

ధర కట్టేశారు కదా అని సంబరపడితే నగల దుకాణంలో మనం నేర్చుకున్నదేమిటి? గ్రాము రేటు అందరికీ ఒకటే, తేడా అంతా తరుగులో, మజూరీలో. కళ్లెం ఇంప్లాంటుకే గానీ గదికి, థియేటరుకు, సర్జన్ ఫీజుకు కాదు. ఈ రహస్యం ఎవరు కనిపెట్టారో గానీ 'గోల్డ్ నీ', అంటే బంగారు మోకాలు, కూడా వచ్చేసింది. పైన టైటానియం నయోబియం నైట్రైడ్ పూత, రంగు మాత్రం మేలిమి పసిడి. నికెల్ పడనివాళ్లకు మంచిదంటారు. మనవాళ్లకు నికెల్ ఎందుకు, పసుపు రంగు చాలు. కాకపోతే చిన్న ఇబ్బంది. అందులో వీసమెత్తు బంగారం లేదు, తాకట్టుకు పనికిరాదు, ఎక్స్‌రేలో రంగు కూడా కనబడదు.

రోబో గురించి చెప్పకపోతే వ్యాసానికే అవమానం. రోబో ఒంటరిగా వచ్చి ఆపరేషన్ చేసి వెళ్లిపోతుందని మనందరి నమ్మకం. నిజానికి రంపం పట్టిన చెయ్యి దానిది, నడిపేది సర్జనే. గీసిన గీత దాటనివ్వకుండా ఆపడం దాని పని. కోత లెక్కగా పడుతుంది, నిజమే. దానివల్ల పదేళ్ల తర్వాత మనిషి ఇంకా బాగా నడుస్తాడా అంటే, ఆ ప్రశ్నకు బ్రోచర్‌లో చోటు చాల్లేదు.

ఆపరేషన్ మర్నాటి నుంచి మోకాలు వంగేలా చేయడానికి వచ్చే ఫిజియో కుర్రాడికి మాత్రం బ్రోచర్ లేదు. "అమ్మా, ఇంకొంచెం వంచండి, ఇంకొంచెం" అని బతిమాలతాడు. రెండు లక్షలు మారుమాట్లాడకుండా కట్టిన కుటుంబం అతని దగ్గర సిట్టింగుకు వంద రూపాయలు బేరమాడుతుంది, పదో రోజున మానిపిస్తుంది.

డెబ్భై ఆరేళ్ల మా బాబాయిగారు మాత్రం ఇవేవీ అడగలేదు. వారంటీ ఎన్నేళ్లని నేరుగా సర్జన్నే అడిగారు. పూర్తిగా మార్చిన మోకాళ్లు నూటికి సుమారు 82 పాతికేళ్లు నిలుస్తున్నాయని 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో లెక్క వచ్చిందని ఆయన ఓపిగ్గా చెప్పాడు. బాబాయిగారు కాసేపు ఆలోచించి, "మరి ఆ పద్దెనిమిదీ ఏ కంపెనీవండీ?" అన్నారు.